అడగాలంటే మొహమాటం.. అడగకపోతే నష్టం! చేత్తో చేసిన సరుకును కస్టమర్‌ని విసిగించకుండా అమ్ముకోవడం ఎలా?

భద్రాచలంలో రామయ్య దర్శనం చేసుకున్నాక చాలామంది పాపికొండల బోటెక్కుతారు. ఆ ప్రయాణంలో గోదావరి ఒడ్డున పేరంటాలపల్లి అనే చిన్న ఊరి దగ్గర బోటు కాసేపు ఆగుతుంది. గట్టెక్కితే శివాలయం, కొండ మీంచి జారే సెలయేరు, వాటితో పాటు కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మకానికి పెట్టిన పూలు, అలంకరణ వస్తువులు కనిపిస్తాయి. పర్యాటకులు గుడి చూడాలి, ఫొటోలు దిగాలి, మళ్లీ టైమ్‌కి బోటెక్కాలి. మధ్యలో మిగిలే ఆ కొన్ని నిమిషాలే అక్కడ అమ్ముకునేవాళ్ల బజారు.

ఇలాంటి చోట అమ్మేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. పిలిస్తే వెంటపడుతున్నారని అనుకుంటారేమో! పిలవకపోతే అసలు చూడకుండానే వెళ్లిపోతారేమో!

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచున బుట్టలు, చాటలు అల్లేవాళ్ల నుంచి ఇంట్లో సబ్బులు, బిస్కెట్లు చేసే మహిళా సంఘాల దాకా అందరిదీ ఇదే బాధ. చేతిలో పని ఉంటుంది కానీ నోట మాట రాదు. "మన సరుకు గురించి మనమే చెప్పుకుంటే బాగుంటుందా?" అనే మొహమాటం అడ్డొస్తుంది. మరి ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, తాము ఇబ్బంది పడకుండా అమ్ముకునే దారేంటి? ఇప్పుడు చూద్దాం.

మొహమాటం ఖరీదు ఎంత?

ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. అమ్మేవాళ్లు మాట్లాడకపోతే సరుకు అక్కడే ఉండిపోదు. మాట్లాడగలిగే ఇంకొకరి చేతికి వెళుతుంది. ఆ ఇంకొకరే మధ్యవర్తి. ఇంటి దగ్గరికొచ్చి టోకున తీసుకెళ్లి పట్నంలో అమ్ముతాడు. బుట్ట అల్లింది ఒకరు, దాని గురించి నాలుగు మాటలు చెప్పింది మరొకరు. ధరలో పెద్ద వాటా ఆ నాలుగు మాటలు చెప్పినవాళ్లకే పోతుంది.

ఈ కథ ఇక్కడి అడవికి కొత్త కాదు. మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. అప్పట్లో వాళ్లు వ్యాపారుల కింద కూలీలుగా వెదురు నరికేవాళ్లు. అడవీ, కష్టమూ వాళ్లవి. బజారు మాత్రం వేరేవాళ్లది. నేడు కొండరెడ్లను కేంద్రం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదివాసీ తెగల జాబితాలో ఉంచింది. అందుకే ఈ ప్రాంతంలో ఒక వెదురు పువ్వును చేసినవాళ్లే నేరుగా అమ్ముకోవడం చిన్న విషయం కాదు.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదు" అని ఊరికే అనలేదు. కాకపోతే అడిగే పద్ధతి ఒకటుంటుంది.

బోటు ఆగితే బేరం ఆగుతుంది

పద్ధతి గురించి మాట్లాడే ముందు ఇంకో విషయం. ఒకే దారి మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ ప్రాంతం కళ్లారా చూసింది.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయారు. దాంతో పాపికొండల విహారం చాలాకాలం నిలిచిపోయింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో నమోదైన 75.6 అడుగుల తర్వాత ఇదే అత్యధికం. మామూలు ఏడాదిలోనూ వరదల టైమ్‌లో బోట్లు తిరగవు.

బోటు రాకపోతే పర్యాటకుడు రాడు. పర్యాటకుడు రాకపోతే అతని కోసం చేసిన సరుకు అలాగే ఉండిపోతుంది. అదే, అంతకుముందు వచ్చినవాళ్లలో కొందరి దగ్గరైనా ఒక ఫోన్ నంబర్ ఉంటే? బోటు లేకపోయినా ఆర్డర్ వచ్చే అవకాశం ఉంటుంది. ప్రచారం అంటే అసలు అర్థం ఇదే. ఎదుటి మనిషితో ఇవాళే కొనిపించాలని పట్టుబట్టడం కాదు. రేపు కావాలనుకున్నప్పుడు మన దగ్గరికి వచ్చే దారి చూపించి పంపడం.

అమ్మడం వేరు.. చెప్పడం వేరు

కస్టమర్‌కి విసుగు ఎప్పుడొస్తుంది? తన జేబు గురించి మాట్లాడినప్పుడు. "తీసుకోండి సార్", "ఒక్కటైనా కొనండమ్మా", "పొద్దుట్నుంచి బోణీ కాలేదు".. ఈ మాటలన్నీ కొనేవాళ్ల మీద భారం పెడతాయి. కొనకపోతే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అందుకే కళ్లు తిప్పుకొని వెళ్లిపోతారు.

అదే వస్తువు గురించి మాట్లాడితే సీన్ మారిపోతుంది. "ఇది ఒకే బొంగు నుంచి చీల్చిన దబ్బలతో అల్లింది", "ఈ చాటలో బియ్యం చెరిగితే నూక ఇట్టే విడిపోతుంది".. ఇవి సమాచారం. వినేవాళ్లు కొన్నా కొనకపోయినా ఒక కొత్త విషయం తెలుసుకుని వెళతారు.

ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అన్న అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఈ మాట విన్న మనిషి ఏమీ కొనకుండా వెళ్లిపోయినా ఆ మాట అతనికి ఏమైనా పనికొస్తుందా? పనికొస్తే ధైర్యంగా చెప్పొచ్చు. పనికిరాకపోతే అది ఒత్తిడి కిందే లెక్క.

ఇక్కడే ఇంకో జాగ్రత్త ఉంది. జాలి చూపించి అమ్మకూడదు. "పేదోళ్లం, గిరిజనులం, ఆదుకోండి" అంటే కొందరు కొంటారు. కానీ వాళ్లు కొన్నది బుట్టని కాదు, దానం చేశామన్న తృప్తిని. రెండోసారి రారు. బుట్ట బాగుందని కొన్నవాళ్లు మాత్రం చుట్టాలకు కూడా చెబుతారు.

చేస్తూ కూర్చుంటే చాలు

నోరు తెరిచి పిలవడం ఇష్టం లేనివాళ్లకు అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఇది. సరుకు ముందు ఖాళీగా కూర్చోకుండా అక్కడే పని చేసుకోవాలి. కత్తితో వెదురు చీలుస్తుంటే, దబ్బలు పల్చగా తీస్తుంటే, వేళ్ల మధ్య అల్లిక తిరుగుతుంటే ఎవరైనా ఆగి చూస్తారు. "ఇది ఎలా చేస్తారు?" అని వాళ్లే అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పడంలో మొహమాటం ఏముంటుంది?

దీంతో ఇంకో లాభం ఉంది. ఎదురుగా అరగంట పని చూసినవాళ్లు ధర దగ్గర అంత తేలిగ్గా బేరమాడరు.

భద్రాచలం, పర్ణశాల లాంటి పుణ్యక్షేత్రాల్లో టైమింగ్ కూడా ముఖ్యమే. శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి రోజుల్లో జనం వేలల్లో వస్తారు. అయితే దర్శనానికి వెళ్లేవాళ్ల మనసంతా గుడి మీదే ఉంటుంది. చేతిలో పూజ సామాను, పక్కన పిల్లలు. ఆ టైమ్‌లో ఆపితే చిరాకే. తిరిగొచ్చేటప్పుడు అడుగు నెమ్మదిస్తుంది, చూపు దుకాణాల మీద పడుతుంది. మాట కలపాల్సింది అప్పుడు.

బుట్ట పక్కన ఒక చీటీ

నోటితో చెప్పలేనిది చీటీ చెబుతుంది. ప్రతి వస్తువుకీ అరచేతిలో పట్టేంత కార్డు కట్టొచ్చు. భద్రాచలానికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి తెలుగుతో పాటు హిందీ, ఇంగ్లిష్‌లో రెండేసి లైన్లు ఉంటే మంచిది. అందులో ఏముండాలంటే..

* వస్తువు పేరు, ఎందుకు వాడతారు. పట్నంలో పెరిగినవాళ్లకు చాటకీ జల్లెడకీ తేడా తెలియకపోవచ్చు.
* ఏ ఊళ్లో చేశారు, చేయడానికి ఎంత టైమ్ పట్టింది.
* ఎలా చూసుకోవాలి. తడిస్తే బాగా ఆరబెట్టాలి, తేమ తగిలే చోట ఉంచితే బూజు పడుతుంది.
* లోపం కూడా చెప్పాలి. చేత్తో చేసింది కాబట్టి రంగులో, సైజులో కొంచెం తేడా ఉంటుందని ముందే రాసేస్తే తర్వాత పేచీ ఉండదు.
* ధర. ఇది తప్పనిసరి.
* ఫోన్ నంబర్.

వెదురులో పిండి పదార్థం ఉంటుంది. దాని కోసమే పురుగు పడుతుంది. పచ్చి వెదురును కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే ఆ పిండి తగ్గుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో ముంచే పద్ధతి కూడా ఉంది. ఏ పద్ధతి వాడారో కార్డు మీద చెప్పాలి. ముఖ్యంగా తినే పదార్థాలు పెట్టుకునే బుట్టలైతే రసాయనం వాడకపోవడమే మంచిది. "పురుగు పడుతుందా?" అన్నది చాలామంది మనసులో ఉండే ప్రశ్న. అడగకముందే జవాబు కనిపిస్తే నమ్మకం కుదురుతుంది.

"వెదురు నరకడం చట్టవిరుద్ధం కాదా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అడవిలో ఉండేవాళ్లకు గుర్తించింది. అడవి బయట పెంచిన వెదురును 2017లో చట్ట సవరణ ద్వారా 'చెట్టు' నిర్వచనం నుంచి తీసేశారు. వెదురు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక లైన్ రాసుకుంటే ఈ అనుమానానికీ జవాబు దొరుకుతుంది.

ధర దగ్గర తడబడితే మొదటికే మోసం

చాలామంది వెనక్కి తగ్గేది బేరం దగ్గరే. "ఇంతా?" అని కస్టమర్ అనగానే గొంతు పడిపోతుంది, ధర సగానికి వస్తుంది. లెక్క తెలియకపోవడమే దీనికి కారణం.

ఉదాహరణకు ఒక బుట్టకు వెదురు ఖర్చు 40 రూపాయలు, రంగు 10, రవాణా 20, పాడయ్యే సరుకు కింద 10 అనుకుందాం. మొత్తం 80 రూపాయలు. అల్లడానికి 5 గంటలు పట్టింది. గంటకు 70 రూపాయల కూలీ వేసుకుంటే 350. అంటే బుట్ట ధర 430 రూపాయలు ఉండాలి. బేరంలో దాన్ని 250కి ఇచ్చేస్తే? 80 ఖర్చు పోను మిగిలేది 170. ఐదు గంటలకు పంచితే గంటకు 34 రూపాయలు. పైకి అమ్మినట్టే ఉంటుంది, కానీ సగానికి పైగా కూలీ పోయింది.

ఈ లెక్క తెలిసిన మనిషి గొంతులో తేడా వస్తుంది. కోపం అక్కర్లేదు, బతిమాలాల్సిన పని అసలే లేదు. "రేటు తగ్గించలేనమ్మా, దీని మీద ఐదు గంటలు కూర్చున్నా. తక్కువలో కావాలంటే ఇదిగో ఈ చిన్నది చూడండి" అంటే సరిపోతుంది. అందుకే సరుకులో మూడు మెట్లు ఉండాలి. పిల్లలు కూడా కొనగలిగే చిన్న వస్తువు, ఇంట్లో వాడుకునే బుట్టో చాటో, బహుమతిగా ఇవ్వదగ్గ పెద్ద వస్తువు. కాదనాల్సి వచ్చినా పక్కనే ఇంకో దారి ఉంటే ఎవరికీ చిన్నతనం అనిపించదు.

వాట్సాప్‌లో విసిగించకుండా ఉండాలంటే?

అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ అందే చోట వాట్సాప్ బిజినెస్ యాప్ బాగా పనికొస్తుంది. ఇది ఉచితం. వస్తువుల ఫొటోలు, ధరలతో అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు. "ఇంకా ఏమున్నాయి?" అని అడిగినవాళ్లకు ఒక్క లింక్ పంపితే చాలు.

చాలామంది చేసే తప్పు ఏంటంటే, దొరికిన నంబర్లన్నీ కలిపి గ్రూప్ పెట్టేయడం. అడక్కుండా గ్రూప్‌లో చేరిస్తే ఎవరికైనా చిరాకే. దాని బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడుకోవచ్చు. ఒక లిస్ట్‌లో 256 మంది దాకా పెట్టొచ్చు. అసలు సౌకర్యం ఏంటంటే, మన నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళుతుంది. అంటే వినడానికి ఇష్టపడినవాళ్లకే చెబుతున్నట్టు. ఇక మొహమాటం ఎందుకు?

స్టేటస్ కూడా మంచి దారే. 24 గంటలు ఉండి పోతుంది, ఇష్టమున్నవాళ్లే చూస్తారు. ఎప్పుడూ "ఆఫర్.. ఆఫర్" అని కాకుండా ఇవాళ వెదురు నానబెట్టారు, రేపు చీల్చారు, ఎల్లుండి బుట్ట పూర్తయింది.. ఇలా పని నడిచే తీరు పెడితే చూసేవాళ్లకూ విసుగుండదు. మెసేజ్‌లైతే నెలకు ఒకటి రెండు చాలు. కొత్త వస్తువు వచ్చినప్పుడు, పండగకు ముందు. అంతే.

కొన్నవాళ్లకు వారం తర్వాత ఒక్క మెసేజ్ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. "బుట్ట బాగుందా? ఏమైనా ఊడితే చెప్పండి, బాగుచేసిస్తాం" అంటే చాలు. ఏమీ అమ్మని ఈ మెసేజే ఎక్కువమందికి గుర్తుంటుంది.

మిల్లెట్ మ్యాజిక్ చెప్పిన పాఠం

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అనే అనుమానం ఉంటే భద్రాచలంలోనే జవాబుంది. ఒకప్పుడు పొలాల్లో కూలీకి వెళ్లిన మహిళలు స్వయం సహాయక సంఘంగా ఏర్పడి చిరుధాన్యాల బిస్కెట్లు తయారు చేస్తున్నారు. పేరు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్'. 2025 జూన్ 29న ప్రసారమైన మన్‌కీ బాత్‌లో ప్రధాని నరేంద్ర మోదీ వీరి గురించి ప్రస్తావించారు. ఈ బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళుతున్నాయని చెప్పారు. ఇదే మహిళలు 'గిరి శానిటరీ ప్యాడ్స్' పేరుతో మూడు నెలల్లో 40 వేల ప్యాడ్లు తయారుచేసి స్కూళ్లకు, చుట్టుపక్కల ఆఫీసులకు అందించారని తెలిపారు.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది పేరు. భద్రాద్రి అనగానే ఊరు, గుడి, గోదావరి అన్నీ గుర్తొస్తాయి. చెప్పుకోవాల్సిన కథలో సగం ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. వెదురు అల్లేవాళ్లు కూడా తమ ఊరి పేరునే బ్రాండ్‌గా పెట్టుకోవచ్చు.

రెండోది కొనేవాళ్లు ఎవరన్నది. స్కూళ్లు, ఆఫీసులు అంటే ఒక్కసారి మాట్లాడితే పదులు, వందల సంఖ్యలో సరుకు వెళుతుంది. దారిన పోయే వందమందిని పిలవలేని మనిషి కూడా ఒక ఆఫీసులో ఒక అధికారితో మాట్లాడగలరు. హోటళ్లకు బ్రెడ్ బుట్టలు, ఆఫీసులకు పెన్ స్టాండ్లు, పెళ్లిళ్లకు తాంబూలం బుట్టలు.. ఇలాంటి ఆర్డర్లకు నాలుగైదు నమూనాలు, ధరల కాగితం, ఎన్ని రోజుల్లో ఇవ్వగలరో ఒక మాట ఉంటే చాలు. అయితే చేయగలిగినంతే ఒప్పుకోవాలి. యాభై చెప్పి ముప్పై ఇస్తే రెండో ఆర్డర్ రాదు.

ఎవరి తలుపు తట్టాలి?

* భద్రాచలం ఐటీడీఏ: గిరిజనులకు శిక్షణ, యూనిట్ల ఏర్పాటు గురించి ముందుగా అడగాల్సింది ఇక్కడే. ఐటీడీఏ ప్రాంగణంలో గిరిజన మ్యూజియం కూడా ఉంది. తమ వస్తువుల వెనకున్న చరిత్ర చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.
* పీఎం విశ్వకర్మ: 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్ల తయారీ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం ఉంటుంది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా రుణం ఇస్తారు. కుటుంబంలో ఒకరికే వర్తిస్తుంది.
* పెహచాన్ కార్డు: కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం ఇచ్చే గుర్తింపు కార్డు ఇది. ఎగ్జిబిషన్లలో స్టాల్ అడిగేటప్పుడు ఉపయోగపడుతుంది.
* ట్రైబ్స్ ఇండియా: 1987లో ఏర్పడిన ట్రైఫెడ్ సంస్థ నడిపే దుకాణాలు ఇవి. గిరిజనులు చేసిన వస్తువులను తీసుకుని దేశవ్యాప్తంగా అమ్ముతుంది.
* వన్ స్టేషన్ వన్ ప్రొడక్ట్: రైల్వే స్టేషన్లలో స్థానిక ఉత్పత్తులకు స్టాల్ ఇచ్చే పథకం. భద్రాచలం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. యాత్రికులు దిగే భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉంటుంది. వివరాలు రైల్వే అధికారులను అడిగి తెలుసుకోవచ్చు.

ఇవి మాత్రం చేయొద్దు

* చేతిలో వస్తువు పెట్టేసి డబ్బులు అడగొద్దు.
* పక్కవాళ్ల సరుకును తక్కువ చేసి మాట్లాడొద్దు. చిన్న ఊళ్లో ఆ మాట సాయంత్రానికల్లా వాళ్ల చెవిన పడుతుంది.
* బయట కొన్న మిషన్ సరుకును చేతి సరుకులో కలిపి అమ్మొద్దు. ఒక్కసారి తెలిస్తే అసలు సరుకునూ నమ్మరు.
* కస్టమర్ "వద్దు" అంటే "సరేనమ్మా, చూసి వెళ్లండి" అని వదిలేయాలి. అలా వదిలేసిన చోటికే జనం మళ్లీ వస్తారు.

మొహమాటం ఒక్కరోజులో పోదు. కానీ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక అట్టముక్క, ఒక పెన్ను చాలు. బుట్ట పేరు, ఊరి పేరు, పట్టిన గంటలు, ధర, ఫోన్ నంబర్ రాసి కట్టాలి. బోటు కాసేపాగి వెళ్లిపోవచ్చు. ఆ చీటీ మాత్రం బుట్టతో పాటు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఇంటికి చేరుతుంది. ఆ ఇంటికొచ్చిన చుట్టాలు "ఇదెక్కడ కొన్నారు?" అని అడిగితే, పిలవకుండానే ఇంకో కస్టమర్ దొరికినట్టే.